అవ్వ కూడా ఎక్కే రాట్నం

జాతరకు వెళ్లొచ్చిన ఇంట్లో ఆ రాత్రి ఒక పంచాయితీ తప్పకుండా ఉంటుంది. ఎవరు ఏది ఎక్కారు, ఎవరు ఎందుకు ఎక్కలేదు అన్నదే ఆ పంచాయితీ. పెద్దోడు టోరాటోరా మూడుసార్లు ఎక్కానని ఇంకా రాని మీసం మెలేస్తాడు. చిన్నాన్న బ్రేక్‌డ్యాన్స్ దిగి, తిన్న మిరపకాయ బజ్జీలన్నీ ఎక్కడ కక్కుకున్నాడో చెప్పి పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నాలుగేళ్ల పాప మాత్రం ‘నన్ను ఎక్కనీలేదు’ అని ముక్కు చీదుతూ ఉంటుంది. మరి అవ్వ? అవ్వను ఎవరూ అడగరు. ఆమె ఎక్కడుందో అందరికీ తెలుసు. అందరి చెప్పులూ, సంచులూ, సెల్‌ఫోన్లూ ముందేసుకుని టికెట్ కౌంటర్ పక్కన కాపలా కూర్చుంది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. జనవరి చలిలో జరిగే ఆ జాతరకు ఆదోని, కోసిగి, మంత్రాలయం, నందవరం, గోనెగండ్ల వైపు నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. ఎడ్ల సంత ఒకవైపు, బండలాగుడు పోటీలు ఒకవైపు, గాజులూ బొమ్మలూ మిఠాయి అంగళ్లూ ఇంకోవైపు. చీకటి పడిందంటే చాలు, అన్నిటికన్నా ఎత్తున ఒళ్లంతా దీపాలు చుట్టుకుని జెయింట్‌వీల్ తిరుగుతూ ఉంటుంది. పల్లె నుంచి ఆటోలో వచ్చే పిల్లల కళ్లకు ముందుగా ఆనేది ఆ చక్రమే. దేవుడు ఏమీ అనుకోడులెండి. పిల్లల్ని తన దగ్గరికి రప్పించుకోవడానికి ఆయనకూ ఏదో ఒకటి కావాలి కదా!

అయితే ఆ మైదానంలో తిరిగే యంత్రాల తీరు ఏడాదికేడాది మారిపోతోంది. ఒకప్పుడు గుర్రాల రాట్నం, నాలుగు పెట్టెల ఉయ్యాల రాట్నం ఉంటే జాతర నిండుగా ఉన్నట్టు. ఇప్పుడు అవి ఒక మూలకు పోయాయి. అటూ ఇటూ ఊగి ఆకాశాన్ని తాకే కొలంబస్ పడవ, గిరగిరా తిప్పి పక్కకు విసిరే బ్రేక్‌డ్యాన్స్, ఎగరేసి దించే టోరాటోరా... ఇవే మైదానానికి నడిబొడ్డు. ఎక్కినవాళ్ల కేకలు ఎంత దూరం వినబడితే అంత గిరాకీ. కుర్రకారుకు గుండె ఝల్లుమనాలి. వయసు అలాంటిది. అందులో తప్పేమీ లేదు. కానీ జాతరకు వచ్చేది కుర్రకారు ఒక్కటే కాదు కదా!

ఎవరి చెయ్యి పట్టుకుని ఎక్కాలి?

మన పడమటి మండలాల సంగతి మనకు తెలియనిది కాదు. దీపావళి దాటితే కొన్ని ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, తెలంగాణలో పత్తి తీయడానికి కొందరు, బెంగళూరులో కట్టుబడి పనులకు ఇంకొందరు. ఉగాదికి గానీ మళ్లీ ఇళ్లు నిండవు. తాళం పడని ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లూ, బడి ఈడు పిల్లలూ. వలస పోయినవారి పిల్లల చదువు ఆగకూడదని సర్కారు సీజనల్ హాస్టళ్లు నడపాల్సి వచ్చిన ప్రాంతం ఇది.

జాతర వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండు రోజుల కూలి పోయినా సరేనని వచ్చే తల్లిదండ్రులు కొందరు. రాలేక, ఫోన్లో మాట్లాడి డబ్బులు పంపేవారు కొందరు. అలాంటి ఇంట్లో పిల్లవాడిని జాతరకు తీసుకొచ్చేది అవ్వో, తాతో. వాడు చెయ్యి లాగుతూ ‘అవ్వా, అది ఎక్కుదాం రా’ అంటాడు. ఆమె రెండు చూసుకుంటుంది. ఒకటి టికెట్ ధర. రెండోది తన మోకాళ్లు. వాణ్ని ఒక్కణ్నే పంపాలంటే భయం. తాను ఎక్కాలంటే ఇంకా భయం. చివరికి ఒక బుడగ కొనిచ్చి, ‘మీ నాయన వచ్చినాక ఎక్కుదువులే’ అంటుంది. నాయన వచ్చేటప్పటికి చక్రం విప్పేసి లారీకి ఎత్తి ఉంటారు.

ఇది చిన్న విషయమే. అన్నం దొరకని కష్టం కాదు, చదువు ఆగిపోయే కష్టం కాదు. కానీ ఏడాదిలో ఒకే ఒక్క రోజు, ఊరంతా సంతోషపడే రోజు, ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వే వీలు ఆ మైదానంలో లేకపోవడం చిన్నతనంగానే ఉంటుంది. పండగ అనేది అందరినీ కలపడానికి పెట్టుకున్నది. ఇంటిల్లిపాదిని తీసుకొచ్చి, ఎక్కేవాళ్లు, చూసేవాళ్లు అని రెండుగా చీల్చడానికి కాదు.

మొదట్లో అన్నీ మెల్లగానే...

పాతకాలం చెక్క రాట్నం గుర్తున్నవారు ఇంకా ఇళ్లలో ఉన్నారు, అడిగి చూడండి. దానికి మోటారు లేదు, కరెంటు లేదు. ఒక మనిషి పక్కన నిలబడి చేత్తో తిప్పేవాడు. ఎక్కింది పసిపిల్లలైతే మెల్లగా తిప్పేవాడు. కుర్రవాళ్లు కేకలేస్తే జోరు పెంచేవాడు. ఎవరైనా ‘అన్నా, చాలు’ అంటే ఆ మాట ఆయన చెవిన పడేది, చెయ్యి ఆగేది. ఎక్కినవారికీ తిప్పేవాడికీ మధ్య ఒక మాట ఉండేది. ఇప్పుడు పాటల మోత మధ్య, పది అడుగుల దూరంలో, మీట దగ్గర కూర్చున్నవాడికి ఆ మాట వినబడదు.

ప్రపంచం మొత్తంలోనూ ఈ యంత్రాల కథ మెల్లగానే మొదలైంది. అమెరికాలో న్యూయార్క్ పక్కన కోనీ ఐలాండ్ అనే సముద్రతీరం ఉంది. లామార్కస్ థాంప్సన్ అనే ఆయన 1884లో అక్కడ ‘స్విచ్‌బ్యాక్ రైల్వే’ అని ఒకటి పెట్టాడు. ఈనాటి రోలర్ కోస్టర్లకు అది ముత్తాత. దాని వేగం ఎంతనుకున్నారు? గంటకు సుమారు ఆరు మైళ్లు! మనం తీరుబడిగా సైకిల్ తొక్కే వేగం కూడా కాదు. టికెట్ ఐదు సెంట్లు. జనం బారులు తీరారు.

జెయింట్‌వీల్ సంగతీ అంతే. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు మహా చక్రాన్ని కట్టాడు. ఎత్తు 264 అడుగులు. దానికి 36 పెట్టెలు. ఒక్కో పెట్టెలో 60 మంది పట్టేవారు. అంటే ఒకేసారి రెండువేల పైచిలుకు జనం! పెట్టె అనడం కూడా తప్పే, అదొక చిన్న గది. అమ్మానాన్నలు, పిల్లలు, పెద్దవాళ్లు అందరూ ఒకే గదిలో కూర్చుని ఊరిని చూస్తూ పైకి వెళ్లి వచ్చేవారు. జెయింట్‌వీల్ పుట్టింది భయపెట్టడానికి కాదు, కలిసి చూడటానికి.

బెంచీ మీది తండ్రి

వాల్ట్ డిస్నీ పేరు తెలియని పిల్లలు ఉండరు. మిక్కీ మౌస్‌ను లోకానికి ఇచ్చిన ఆయనకు ఇద్దరు కూతుళ్లు. వాళ్లను సెలవు రోజున లాస్ ఏంజిలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. పిల్లలు గుర్రాల రాట్నం తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని వేరుశనగ కాయలు... అదే, మన బుడ్డలు... ఒలుచుకుని తింటూ చూసేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒక్కటీ ఎందుకు లేదన్న ఆలోచన తనకు అక్కడే వచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. దాని ఫలితమే 1955లో తెరిచిన డిస్నీల్యాండ్.

ఇంకో ముచ్చట. తెరిచిన మొదటి నాలుగేళ్లు డిస్నీల్యాండ్‌లో పెద్ద రోలర్ కోస్టరే లేదు. 1959లో గానీ అది రాలేదు. అప్పటివరకూ జనాన్ని లాగింది రైలుబండి, పడవ ప్రయాణం, గుర్రాల రాట్నం, పెద్ద పెద్ద టీ కప్పుల్లో కూర్చుని తిరగడం. ఆ కప్పుల మధ్యలో ఒక చక్రం ఉంటుంది. దాన్ని ఎంత తిప్పితే కప్పు అంత తిరుగుతుంది. జోరుగా కావాలంటే జోరు, మెల్లగా కావాలంటే మెల్లగా. అంటే తిప్పే పగ్గం ఎక్కినవాళ్ల చేతిలోనే ఉంది. మన చెక్క రాట్నం అన్న చేసిన పనే అది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో తివోలి అనే పార్కు 1843 నుంచీ నడుస్తోంది. అందులో 1914లో కట్టిన చెక్క రోలర్ కోస్టర్ ఇప్పటికీ ఉంది. ప్రయాణికుల మధ్యనే ఒక మనిషి కూర్చుని, వాలు దగ్గర తన చేత్తో బ్రేకు వేస్తూ దాన్ని నడుపుతాడు. నూరేళ్లు దాటినా ఆ మనిషిని తీసెయ్యలేదు.

ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అని మరో పెద్ద పార్కు. ధైర్యం ఉంటే రమ్మని సవాలు చేసే రైడ్లకు పేరుపడింది. 1994లో నెమెసిస్, 1998లో అబ్లివియన్... ఇలా ఒకదాన్ని మించి ఒకటి పెట్టుకుంటూ వచ్చింది. అలాంటి పార్కే 2014లో, బీబీసీ వారి పసిపిల్లల చానల్ పేరుతో చిన్నపిల్లల కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక భాగం తెరిచింది. కేకలు ఒక్కటే నమ్ముకుంటే చాలదని వాళ్లకూ తెలిసింది.

పిల్లల రైడ్ వేరు, ఇంటిల్లిపాది రైడ్ వేరు

ఇక మన దగ్గరికి వద్దాం. ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ తెరిచినప్పుడు అదొక వింత. 2008లో దాన్ని మూసేశారు. ముంబయిలో 1989లో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. కొచ్చిలో 2000లో వీగాల్యాండ్ పేరుతో మొదలైన సంస్థే 2005లో బెంగళూరు దగ్గర, 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో వండర్‌లా పార్కులు పెట్టింది. ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాలకు బెంగళూరూ దూరమే, హైదరాబాదూ దూరమే. బడి పిల్లల విహారయాత్ర పుణ్యమా అని కొందరు, బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు కొందరు ఆ పార్కులు చూసి వస్తారు.

హైదరాబాద్ వండర్‌లాలో బాగా పేరున్నది ‘రీకాయిల్’. ముందుకు తీసుకెళ్లి గింగిరాలు కొట్టించి, మళ్లీ అదే దారిన వెనక్కు తీసుకొస్తుంది. కాలేజీ కుర్రాళ్లు దాని పేరు చెప్పుకునే వెళ్తారు. అక్కడ పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. గేటు దగ్గర మడమలు పైకెత్తి నిలబడే బుడతల్ని చూస్తే నవ్వొస్తుంది. టికెట్ దగ్గర పొట్టిగా, పెద్ద రైడ్ దగ్గర పొడుగ్గా కనబడాలని వాళ్ల తాపత్రయం!

ఈ పార్కుల్లో చిన్నపిల్లల రైడ్లు లేవని కాదు, ఉన్నాయి. ఇక్కడే ఒక తేడా గమనించాలి. చాలాచోట్ల పిల్లల రైడ్ అంటే పిల్లల్ని చిన్న కార్లలో కూర్చోబెట్టి, తల్లిదండ్రుల్ని కంచె బయట నిలబెట్టేది. పిల్లవాడు తిరిగొచ్చినప్పుడల్లా బయటనుంచి చెయ్యి ఊపాలి, ఫొటో తియ్యాలి. పెద్ద రైడ్ దగ్గర పిల్లలు బయట, చిన్న రైడ్ దగ్గర పెద్దలు బయట. ఇంటిల్లిపాది రైడ్ అంటే అది కాదు. మూడు తరాలు ఒకే బల్ల మీద కూర్చోగలిగేది, ఒకేసారి ఒకే దాన్ని చూసి ‘అదిగో’ అనగలిగేది... అదీ అసలైనది.

అలాంటివి మన రాష్ట్రాల్లో లేకపోలేదు. విశాఖ కైలాసగిరి మీద కొండను చుట్టి వచ్చే చిన్న రైలు ఉంది. ఒక మలుపు దగ్గర సముద్రం కనబడగానే తాతా మనవడూ ఒకేసారి లేచి చూస్తారు. రామోజీ ఫిల్మ్‌సిటీకి వెళ్లొచ్చిన ముసలివాళ్లను ఏది బాగుందని అడగండి. కూర్చోబెట్టి సెట్టింగులన్నీ చూపించిన బస్సే బాగుందంటారు. నాంపల్లి నుమాయిష్‌లో మైదానం చుట్టూ తిరిగే రైలూ అంతే. వీటిలో ఏదీ గుండె ఆపేది కాదు. అయినా ఇంటికి వెళ్లాక అందరూ కలిసి చెప్పుకునే కబుర్లలో వీటికే పెద్దపీట. అందరూ కలిసి ఎక్కినవి కాబట్టి!

భయం ఎత్తులో లేదు

‘ముసలివాళ్లకు ఎత్తంటే భయం, వాళ్లకోసం ఏం పెట్టినా ఎక్కరు’ అనేవారున్నారు. ఆదోని కోట కొండ, రణమండల ఆంజనేయస్వామి కొండ ఎక్కి దిగే పెద్దవాళ్లను చూసినవారెవరూ ఆ మాట అనరు. వాళ్లను ఆపేది ఎత్తు కాదు.

లండన్ నగరంలో 2000 సంవత్సరంలో జనానికి తెరిచిన ‘లండన్ ఐ’ చక్రం ఎత్తు 443 అడుగులు. మన జాతర జెయింట్‌వీల్ దాని ముందు బొమ్మ. కానీ అది ఒక చుట్టు తిరగడానికి అరగంట పడుతుంది. ఎంత మెల్లగా కదులుతుందంటే, ఎక్కడానికీ దిగడానికీ మామూలుగా దాన్ని ఆపనక్కర్లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా ఎక్కుతారు. లోపల నిలబడి అటూ ఇటూ నడవొచ్చు. అంత ఎత్తుకు ఎనభై ఏళ్లవాళ్లు హాయిగా వెళ్లి వస్తున్నారంటే, చిక్కు ఎక్కడుందో అర్థం కావడం లేదూ?

మన చెవి లోపల, బయటికి కనిపించని చోట, ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలున్నాయి. తల ఎటు తిరిగితే ఆ ద్రవం కదలికను బట్టి మెదడుకు కబురు వెళ్తుంది. గిరగిరా తిరిగి ఒక్కసారిగా ఆగితే మనం ఆగినా ఆ ద్రవం ఆగదు. అందుకే దిగాక కూడా భూమి తిరుగుతున్నట్టు ఉంటుంది. కళ్లు ఒకటి చెప్తే, చెవి ఇంకోటి చెప్తుంది. ఆ తగువులో కడుపు తిప్పుతుంది. ఇక జెయింట్‌వీల్ వేగంగా కిందికి దిగేటప్పుడు, కొలంబస్ పడవ జారేటప్పుడు ఒళ్లు తేలికైపోయి పేగులు గొంతులోకి వచ్చినట్టనిపిస్తుంది. కుర్రవాళ్లకు అదే మజా. పసిపిల్లలకు తల పెద్దది, మెడ ఇంకా బలపడలేదు. కుదుపుకు తట్టుకోలేరు. రక్తపోటు ఉన్నవారికి, మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవారికి, గర్భిణులకు ఆ విసురు మంచిది కాదు.

అంటే అవ్వకు కావాల్సినవి పెద్ద పెద్ద యంత్రాలేమీ కాదు. వేగం తగ్గాలి. కూర్చునే పెట్టె ఊగకూడదు. ఎక్కే మెట్టు మోకాలి ఎత్తున కాకుండా జానెడు ఎత్తున ఉండాలి. చీర చెంగు, పిల్లల వేళ్లు చిక్కుకునే సందులుండకూడదు. ఆమె కూర్చునేదాకా తిప్పేవాడు ఆగాలి. ఉన్న జెయింట్‌వీల్‌నే రోజుకు రెండు గంటలు మెల్లగా తిప్పితే సగం పని అయిపోయినట్టే.

లెక్క చూసినా లాభమే

‘మాటలు బాగానే ఉన్నాయి, మాకు గిట్టుబాటు కావద్దా?’ అని రాట్నాల యజమానులు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లారీల బాడుగ, కరెంటు, పనివాళ్ల బత్తెం, మైదానం అద్దె... అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే రాబట్టాలి. వానొస్తే అంతే సంగతులు. కుర్రాళ్లు ఒకటికి రెండుసార్లు ఎక్కుతారు, యంత్రం చకచకా నిండుతుంది. అందుకే వాళ్ల చూపు అటు.

చిన్న లెక్క వేద్దాం. టికెట్ 50 రూపాయలనుకుందాం. ఆరుగురి కుటుంబం వచ్చింది. జోరు రైడ్ అయితే ఇద్దరు కుర్రాళ్లు రెండేసి సార్లు ఎక్కుతారు. వచ్చేది 200 రూపాయలు. అదే అందరూ ఎక్కగలిగే రైడ్ అయితే ఆరుగురూ ఒక్కసారి ఎక్కినా 300. పైగా కింద కాపలా కూర్చున్న అవ్వకు కాళ్లు లాగితే ‘ఇంక పోదాం పదండి’ అంటుంది. ఆమె మాటకు ఇల్లంతా కదలాల్సిందే. ఆమెకూ ఒక సరదా ఉంటే ఇంకో గంట ఉంటారు. ఆ గంటలో బొరుగులు అమ్ముడవుతాయి, గాజులు అమ్ముడవుతాయి, ఐస్‌క్రీములు అమ్ముడవుతాయి. మైదానంలో ఉన్న ప్రతి అంగడికీ ఆ గంట విలువ తెలుసు.

ఎక్కించడం గురించి మాట్లాడుకున్నాక దించడం గురించీ మాట్లాడాలి. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర గాల్లో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు. 2022 సెప్టెంబరులో మొహాలీ ప్రదర్శనలో జనంతో పైకెళ్లిన యంత్రం ఒక్కసారిగా కింద పడింది. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడ్ తలకిందులుగా ఆగిపోయి, ఎక్కినవారు కాసేపు అలాగే వేలాడాల్సి వచ్చింది. ఒక ఊళ్లో విప్పి ఇంకో ఊళ్లో బిగించే యంత్రాలకు ప్రతి బిగింపూ కొత్త పరీక్షే. మెల్లగా తిరిగేదైనా బోల్టు బోల్టే. కాబట్టి కుటుంబాల రైడ్ కదా అని తనిఖీ తగ్గించే వీల్లేదు. పసివాళ్లు ఎక్కేదానికి ఇంకా ఎక్కువ చూడాలి.

వచ్చే జాతరకు...

ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ వండర్‌లా లాంటి పార్కు రేపో ఎల్లుండో వస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు. మనకున్న పార్కు జాతర మైదానమే. అది ఏడాదికోసారి తెరుస్తుంది, గేటు టికెట్ లేదు, ఎత్తు కొలిచేవారు లేరు. దాన్నే బాగు చేసుకుందాం. స్థలం కేటాయించేవారు ఎవరైనా సరే, మున్సిపాలిటీ గానీ, దేవాదాయ శాఖ గానీ, రైడ్లకు చోటిచ్చేటప్పుడే కొన్ని షరతులు పెట్టొచ్చు. ఖర్చు లేనివే అవి.

జోరు రైడ్లు నాలుగుంటే, పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చునేవి కనీసం రెండుండాలి. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా జెయింట్‌వీల్ మెల్లగా తిరగాలి. ఆ సంగతి తెలుగులోనూ కన్నడంలోనూ బోర్డు మీద రాయాలి. ఎవరు ఎక్కకూడదో కూడా చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. ప్రతి రైడ్ పక్కన నీడ, నాలుగు బల్లలు, తాగడానికి నీళ్లుండాలి. పాటల మోత కాస్త తగ్గించి, ‘ఆపండి’ అంటే వినబడేటంత దగ్గరలో ఒక మనిషి ఉండాలి. చెప్పులూ సంచులూ పెట్టుకోవడానికి ఒక షెడ్డు, దానికొక కాపలాదారు ఉంటే మరీ మంచిది. అవ్వకు ఆ ఉద్యోగం తప్పుతుంది!

కొత్త రైడ్ తయారు చేయాలనుకునేవారికి ఆలోచనలూ ఇక్కడే ఉన్నాయి. తుంగభద్రలో తిరిగే పుట్టి చూడండి. గుండ్రంగా ఉంటుంది, నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చుంటారు, మెల్లగా తిరుగుతూ పోతుంది. డిస్నీ టీ కప్పుకు అది ఏం తీసిపోయింది? ఎడ్ల బండ్లను వరుసగా కట్టినట్టుండే చిన్న రైలు చేసి, ఆదోని కోటా, మగ్గం నేసే ఇల్లూ, మంత్రాలయం రేవూ బొమ్మలుగా కట్టి వాటి మధ్య నుంచి తిప్పితే, తాత మనవడికి దారి పొడుగునా కథ చెప్తాడు. హాలండ్‌లో ఎఫ్టెలింగ్ అనే పార్కు 1952లో ఇలాగే కథల అడవితో పెద్దదయింది. పది కథలకు బొమ్మలు కట్టి చూపించారు, అంతే. గింగిరాలు కొట్టే రోలర్ కోస్టర్ అక్కడికి 1981లో గానీ రాలేదు. కథలకు మనకు కరువా?

రథోత్సవం నాడు గమనించండి. తేరును లాగే మోకు ఎంత పొడుగుంటుంది! ఎంతమంది చెయ్యి వేసినా ఇంకా చోటుంటుంది. తండ్రి భుజం మీది పసివాడు కూడా ఒక చెయ్యి వేస్తాడు. ముసలమ్మ తాకి కళ్లకద్దుకుంటుంది. తేరు వేగం అందరి నడక వేగమే. అంతకు మించి పరుగెత్తించాలని ఎవరూ కోరుకోరు. అదే ఊళ్లో తిరిగే ఇన్ని యంత్రాల్లో ఒకటో రెండో ఆ వేగానికి తిరిగితే కుర్రకారు సరదాకు వచ్చే లోటేమీ లేదు.

ఇవన్నీ అధికారులే చేయాలని కూర్చుంటే మళ్లీ జనవరి వచ్చేస్తుంది. ఈసారి జాతరకు వెళ్లినప్పుడు టికెట్ కౌంటర్ దగ్గర ఒక మాట అడగండి. ‘అన్నా, మా అమ్మతో కలిసి ఎక్కాలి, కొంచెం మెల్లగా తిప్పుతావా?’ అని. ఒకరు అడిగితే నవ్వుతాడు. పదిమంది అడిగితే ఆలోచిస్తాడు. వందమంది అడిగితే మెల్లగా తిరిగే రాట్నం మరుసటి ఏడాది లారీలో తనంతట తానే వస్తుంది. జాతర వ్యాపారానికి గిరాకీ కన్నా పెద్ద చట్టం లేదు.